చేతబడి – నిజమెంత?



పల్నాడులో మనం చేతబడి అంటాం. తెలంగాణలో బాణామతి, విశాఖ మన్యంలో చిల్లంగి అంటారు. పేరేదైనా నింద ఎక్కువగా పడేది ఒంటరి ఆడవాళ్ళమీదే. "అర్ధరాత్రి రహస్యంగా పూజలు చేస్తుంది" అంటారు. ఎవరు చూశారంటే జవాబుండదు.

మా నాయనమ్మకూ ఈ నింద తప్పలేదు. పక్కింటి బిడ్డకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోకుండా మూడు రోజులు మంత్రగాడి దగ్గర ఉంచారు. బిడ్డ చనిపోయాడు. తప్పు మాత్రం నాయనమ్మదయింది. ఏడాదిపాటు బోరింగు దగ్గర ఆమె బిందె పక్కన ఎవరూ బిందె పెట్టలేదు.

మంత్రగాళ్ళు చూపే వింతల వెనుక ఉన్నది మన సైన్సు పాఠమే.

1. నిమ్మకాయలో రక్తం: కత్తికి ముందే మందారపూలు రుద్దుతారు. నిమ్మపులుపు తగిలి ఆ రంగు ఎర్రబడుతుంది.

2. ఎర్రనీళ్ళు: పసుపునీళ్ళలో సున్నం కలిపితే చాలు.

3. బట్టలు వాటంతటవే అంటుకోవడం: తెల్ల భాస్వరాన్ని నీళ్ళలో నిలవచేస్తారు. తడి ఆరితే సుమారు 30 డిగ్రీల వేడికే మండుతుంది. మన ఎండల సంగతి చెప్పాలా?

ఆడవాళ్ళపై మంత్రగత్తె అని ముద్రవేయడం నేరమంటూ 1999లో దేశంలో మొదటగా బీహార్ చట్టం తెచ్చింది. చట్టం ఊళ్ళోకి వచ్చేలోపు చదువుకున్న మనం చేయవలసిన పని ఉంది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు జ్వరమొచ్చిన బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నింద పడ్డ ముసలమ్మ బిందె పక్కన మీ బిందె పెట్టండి.