పోయిన ఆర్డరును ఆరా తీసేవాడికే సేల్స్‌లో ఎదుగుదల

కుమ్హారిలో చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే మన తెలుగు పిల్లల్లో చాలామంది సేల్స్ అనగానే వెనకడుగు వేస్తారు. అది మాటకారుల పని అనుకుంటారు. రాయ్‌పూర్, భిలాయ్ మధ్య ఫ్యాక్టరీలకు బేరింగులు, బోల్టులు, వెల్డింగ్ సామాను అమ్మాలంటే మాటల కన్నా ఆరా ముఖ్యం.

ఉక్కు కర్మాగారం లాంటి ప్రభుత్వ సంస్థకు అమ్మడమంటే ప్రధానంగా టెండర్లే. టెక్నికల్ బిడ్ నెగ్గినవాళ్ల ధరలే చూస్తారు. అందరికన్నా తక్కువ రేటు వేసినవారు ఎల్-1. ఆర్డరు పోగానే ఆఫీసులో మొదట వినిపించే మాట ‘మన రేటు ఎక్కువైంది’. వెంటనే నమ్మకండి. గడువు తీరిన సర్టిఫికెట్ జతచేసి టెక్నికల్ దగ్గరే ఆగిపోయామేమో చూడండి. నిజంగా రేటే అయితే ఎంత తేడా? ఎల్-1 పెద్ద కంపెనీ అయి, మీది నమోదైన చిన్న పరిశ్రమై, మీ రేటు 15 శాతం లోపే ఎక్కువగా ఉంటే, ఎల్-1 ధరకు దిగివచ్చి ఆర్డరులో కనీసం 25 శాతం వాటా అడిగే వీలు చాలా టెండర్లలో ఉంటుంది. తేడా లెక్క తెలియనివాడికి ఆ దారే కనిపించదు.

అసలు రేటుతో సంబంధం లేకుండానూ ఆర్డర్లు పోతాయి. దశాబ్దాలుగా రైల్వేకు పట్టాలంటే భిలాయ్ ఉక్కు కర్మాగారమే. అయినా 2017లో రైల్వే గ్లోబల్ టెండర్ పిలిచింది. కావలసినన్ని పట్టాలు ఇక్కడినుంచి అందకపోవడమే కారణం. మరుసటి ఏడాది కొంత ఆర్డరు ఇదే రాష్ట్రంలో రాయగఢ్‌లో మిల్లున్న జిందాల్‌కు దక్కింది. ఇలాంటి చోట రేటు తగ్గించి ఏం లాభం?

గెలిచిన ఆర్డరును ఎవరూ పరిశీలించరు. నా దృష్టిలో ఇదే పెద్ద లోపం. మన తర్వాతి స్థానంలో ఉన్న ఎల్-2 రేటు మనకన్నా 2 శాతమే ఎక్కువుంటే సరైన అంచనా వేశామన్నమాట. 18 శాతం ఎక్కువుంటే లాభం వదులుకున్నాం, లేదా స్పెసిఫికేషన్‌లో ఏదో చదవకుండా వదిలేశాం. రెండోదైతే నష్టం సరుకు పంపేటప్పుడు బయటపడుతుంది.

నిర్ణయం వెలువడ్డాక పర్చేజ్ ఆఫీసర్ దగ్గరకు వెళ్లండి. వాదించడానికి కాదు, వచ్చేసారి ఏం సరిదిద్దుకోవాలో అడగడానికి. స్టోర్స్‌లో, మెయింటెనెన్స్‌లో ఉన్నవాళ్లనూ పలకరించండి. సరుకు ఎలా పనిచేసిందో చెప్పేది వాళ్లే. విన్నది అదే రోజు రాసుకోండి.

ఇంకా ఉద్యోగం రాలేదా? ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో ముగిసిన బిడ్లు తెరవండి. ఒకే రకం వస్తువుకు ఎవరు అనర్హులయ్యారో, ఎల్-1కీ ఎల్-2కీ ఎంత తేడా ఉందో నోట్‌బుక్‌లో పట్టిక వేయండి. సేల్స్ ఇంటర్వ్యూకు ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి.