పెనం అడుగున ఉండే రుచి

చిరంజీవి బాబుకు,

కోడలు ఈవెనింగ్ షిఫ్టుకు మారిందనీ, పిల్లల రాత్రి భోజనం ఇప్పుడు నీ చేతి మీదే నడుస్తోందనీ అమ్మ చెప్పింది. "ఇక్కడివాళ్లు చేసే క్రీమ్ చికెన్ అంటే పిల్లలకి ఇష్టం, నేను చేస్తే మాత్రం తెల్లగా, నీళ్లు నీళ్లుగా వస్తోంది పెద్దమ్మా" అని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫోన్‌లో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నీకు వంట రాక కాదు నాన్నా. మన కోడికూర వండినట్టే దీన్నీ వండుతున్నావు. మన కూరకైతే ముక్కలన్నీ ఒక్కసారే గిన్నెలో వేసి, ఉప్పూ పసుపూ చల్లి మూత పెడతాం. ముక్కలోంచి ఊరిన నీటితోనే ఉడుకుతుంది. అక్కడ రుచికి ఎముక ఉంది, వేగిన ఉల్లిపాయ ఉంది, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, గసగసాలు ఉన్నాయి. ఈ అమెరికా వంటలో అవి దాదాపు లేవు. ఎముక లేని మాంసం, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, క్రీమ్, కాస్త ఉల్లిపాయ, పుట్టగొడుగులు, దాదాపు అంతే. ఇంత తక్కువ సరుకుతో రుచి పుట్టాలంటే అది ముక్క ఎర్రగా వేగేటప్పుడు పెనం అడుగున అంటుకునే గోధుమరంగు పొర నుంచే పుట్టాలి. ఆ పొర సంపాదించడం, దాన్ని మాడనివ్వకుండా సాస్‌లోకి లాగడం, ఈ రెండూ వస్తే ఈ వంట వచ్చినట్టే.

మాంసం దగ్గర మొదలుపెడదాం. మీ నలుగురికీ పౌనున్నర, అంటే 680 గ్రాముల బోన్‌లెస్ తొడ మాంసం చాలు. బ్రెస్ట్ ముక్క కొనకు. పని ఒత్తిడిలో వండేవాడికి అది పనికిరాదు. రెండు నిమిషాలు ఎక్కువ ఉడికితే పీచులా తయారవుతుంది. తొడలో కొవ్వూ, బంధన కణజాలమూ ఎక్కువ. నువ్వు చిన్నవాడికి హోంవర్క్ చెప్పడానికి లేచినా అది మెత్తగానే ఉంటుంది. ఫ్రీజర్‌లో ఉంటే ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి మార్చు. వంటింటి గట్టు మీద పెట్టి కరిగించకు. మన ఇళ్లలో ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్లలో కడగడం అలవాటే, కానీ పచ్చి కోడిని సింకులో కడగొద్దని అమెరికా వ్యవసాయ శాఖ స్పష్టంగా చెబుతోంది. ఆ తుంపరలతో సాల్మొనెల్లా లాంటి క్రిములు పక్కనున్న గిన్నెలకీ, కూరగాయలకీ అంటుకుంటాయి. సింకుకు ఆ పక్కనే పిల్లల పళ్లేలు ఆరబెడతారు మీరు. కాబట్టి ఈ ఒక్క అలవాటు మానెయ్.

కడగడానికి బదులు చేయాల్సింది ఆరబెట్టడం. పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందు ముక్కలకు చెంచాడు ఉప్పు పట్టించి, పళ్లెంలో పరిచి, ఫ్రిజ్ అడుగు అరలో పెట్టి వెళ్లు. చెంచా అంటే టీస్పూనే. ఉప్పు ముందు నీరు లాగుతుంది, తర్వాత ఆ నీటితో పాటు లోపలికి దిగుతుంది. సాయంత్రానికి ముక్క లోపలంతా ఉప్పు పట్టి, పైన పొడిగా ఉంటుంది. వండబోయే ముందు పేపర్ టవల్‌తో రెండు వైపులా గట్టిగా అద్దు. ఇది చాదస్తం కాదు. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరైపోతుంది, మాంసం ఎర్రబడటం బాగా సాగేది 140 దాటాక. పైన తడి ఉన్నంతసేపూ పెనం వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. నీకు తెల్లగా రావడానికి కారణం ఇదే. ఈ ఎర్రబడే రసాయన చర్యను 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. వేరుశనక్కాయలు వేగినా, కాఫీ గింజలు వేగినా ఆ కమ్మటి వాసన వెనక ఉన్నది ఈ చర్యే.

పెనం విషయానికొస్తే, దోసెల నాన్‌స్టిక్ పెనం పక్కన పెట్టు. దాని గుణమే అంటుకోకపోవడం. మనకు కావలసింది కాస్త అంటుకోవడం. పన్నెండు అంగుళాల పోత ఇనప స్కిలెట్ కొను. టెన్నెసీలో 1896 నుంచి పోతపోస్తున్న లాడ్జ్ కంపెనీదైతే వాల్‌మార్ట్‌లో కూడా దొరుకుతుంది, ఖరీదు ఎక్కువేం కాదు. పోత ఇనుము ఆలస్యంగా వేడెక్కుతుంది, ఎక్కాక వేడిని వదలదు. మధ్యస్థ మంట మీద ఐదు నిమిషాలు ఖాళీగా కాగనివ్వు. దాని పిడి కూడా కాగిపోతుంది సుమా, పొయ్యి మీంచి దింపాక కూడా చాలాసేపు కాలుతుంది. పిడికి మందపాటి గుడ్డ చుట్టి ఉంచు, పిల్లల వైపు తిప్పి పెట్టకు.

ఇప్పుడు అసలు ఘట్టం. పెద్ద చెంచాడు నూనె పోస్తే అది పల్చగా పాకి మెరవాలి, పొగ రాకూడదు. ముక్కను నీకు ఎడంగా జారేలా వెయ్యి. వెయ్యగానే చుయ్‌మని గట్టిగా చప్పుడు రావాలి. రాకపోతే తీసేసి ఇంకో నిమిషం ఆగు. ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. ఇరుకైతే రెండు విడతలుగా వేయించు. వేశాక గరిటె కింద పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడు. కలపకు, కదపకు, మూత పెట్టకు. మనవాళ్లకు ఇది కష్టం, అడుగంటుతుందేమోనని చెయ్యి ఊరుకోదు. ఐదు నిమిషాల్లో ముక్క అంచుల్లో తెలుపు పైకి పాకుతుంది, చప్పుడు తగ్గి సన్నగా చిటపటలాడుతుంది. అప్పుడు పట్టకారుతో ఎత్తి చూడు. బాగా వేగిన ముక్క తనంతట తనే వదులుతుంది. పట్టుకుని లాగాల్సి వచ్చిందంటే ఇంకా కాలేదన్నమాట. తిరగేసి రెండో వైపు నాలుగు నిమిషాలుంచి పళ్లెంలోకి తీసెయ్. లోపల కాస్త పచ్చిగా ఉన్నా ఫర్వాలేదు, మళ్లీ సాస్‌లో ఉడుకుతుంది.

పెనం అడుగు చూడు. గోధుమరంగులో, బెల్లం పాకం ఆరినట్టు అంటుకుని ఉంటే సరిగ్గా వచ్చింది. నల్లబడి చేదు వాసన వేస్తే మాడినట్టు, తుడిచేయక తప్పదు. ఆ అడుగు మీదే సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ, చేతినిండా పుట్టగొడుగులు వేయించు. నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి చివరి అరనిమిషంలో వెయ్యి. కప్పు చికెన్ బ్రాత్ పోసి చెక్క గరిటెతో అడుగంతా గీకు. ఉప్పు తక్కువ అని డబ్బా మీద రాసి ఉన్న బ్రాత్ చూసి కొను. పొర కరిగి బ్రాత్ టీరంగుకు వస్తుంది. మూడు నిమిషాలు మరగనిచ్చి, సగానికి ఇగిరాక మంట తగ్గించి ముప్పావు కప్పు హెవీ క్రీమ్ పొయ్యి.

క్రీమ్ దగ్గర పొదుపు చూడకు. హెవీ క్రీమ్‌లో కొవ్వు 36 శాతానికి తక్కువ ఉండదు. ప్రొటీన్ తక్కువ, కొవ్వు ఎక్కువ కాబట్టి మరిగినా విరగదు. హాఫ్ అండ్ హాఫ్‌లోనో పాలలోనో ఆ రక్షణ లేదు. వాటితో చేస్తే చెంచాడు మైదా కలపాలి, మరగనివ్వకూడదు. 1934 నుంచి క్యాంప్‌బెల్ వాళ్లు అమ్ముతున్న మష్రూమ్ సూప్ డబ్బాతో కానిచ్చేసే ఇళ్లు ఇక్కడ కోకొల్లలు. ఒంట్లో ఓపిక లేని రోజున అది తప్పేం కాదు, కానీ ఉప్పు దండిగా ఉంటుంది, నువ్వు మళ్లీ వేయకు.

ముక్కల్ని పళ్లెంలో ఊరిన రసంతో సహా సాస్‌లోకి దించి, సన్న మంట మీద ఐదారు నిమిషాలుంచు. మందపాటి ముక్కలో పక్క నుంచి థర్మామీటరు గుచ్చితే 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాలి. చివర్లో రెండు గుప్పెళ్ల బేబీ స్పినాచ్ వేస్తే నిమిషంలో ఒదిగిపోతుంది. పొయ్యి కట్టేశాకే అరచెక్క నిమ్మరసం పిండు. నిమ్మరసం పడకపోతే రెండో ముద్దకే మొహం మొత్తుతుంది. పిల్లలకు ముందు తీసిపెట్టి, మిగతా దాంట్లో నీకు నచ్చినన్ని మిరియాలు నూరి చల్లుకో. గరం మసాలా మాత్రం వద్దు. క్రీమ్ తీపిని అది తొక్కేస్తుంది. కరివేపాకు, పచ్చిమిర్చి చీలికలు నూనెలో వేయించి కలిపితే నాకు ఇష్టమే, అయితే ఇలా అచ్చంగా చేయడం చేతికి వచ్చాక.

పని వరస కూడా చెబుతాను, ఆ గంటలో కంగారు పుట్టించేది అదే. ఇంటికి రాగానే ముందు రైస్ కుక్కర్ మీట నొక్కు, తర్వాతే చెప్పులు విడువు. పెనం పొయ్యి మీద పెట్టి, అది కాగేలోపు ఉల్లిపాయ తరుగు. మాంసం వేగుతున్నంతసేపూ పుట్టగొడుగుల పని చూసుకో. పచ్చి మాంసం ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మిగతావి ముట్టుకో. కుక్కర్ మీట పైకి లేచేసరికి సాస్ సిద్ధంగా ఉంటుంది.

కోడలికి వేరే డబ్బాలో తీసి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టు. మూడు రోజులు నిలవ ఉంటుంది. వేడిచేసేటప్పుడు రెండు చెంచాల పాలు పోసి సన్న సెగ మీద కలపమను. ఫ్రీజర్‌లో పెట్టకు, సాస్ విరిగిపోతుంది. పెనాన్ని వేడినీళ్లతో కడిగి, పొయ్యి మీద ఆర్చి, నూనె చుక్క రాసి ఉంచు. డిష్‌వాషర్‌లో వేయొద్దు.

థర్మామీటరు ఇంట్లో లేదని అమ్మ చెప్పింది. అది ఈ శనివారమే కొని తెచ్చుకో. మంగళవారం వండాక పెనం అడుగు ఫొటో తీసి నాకు పంపు. దాని రంగు చూసి మంట ఎక్కువైందో తక్కువైందో చెబుతాను.

పెద్దమ్మ