సాల్మొనెల్లా దగ్గరా ఓ సూది ఉంది

కోళ్ల ఫారంలో కొత్తగా సూపర్‌వైజరుగా చేరినవాళ్లను ఫౌల్ టైఫాయిడ్ బాగా తికమక పెడుతుంది. నీళ్లలో మందు కలిపినన్నాళ్లూ చావులు తగ్గుతాయి, ఆపగానే మళ్లీ మొదలవుతాయి. మందు నకిలీదేమోనని కంపెనీ మారుస్తారు, డోసు పెంచుతారు. ఆ బ్యాక్టీరియా ఎక్కడ నక్కిందో తెలిస్తే ఇంత ఖర్చు పెట్టరు.

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా గల్లినారమ్‌కూ, కోడిపిల్లల్లో తెల్లపారుడు తెచ్చే పుల్లోరమ్‌కూ ఒంటిమీద సూదుల్లాంటి నిర్మాణాలు ఉంటాయి. శాస్త్రవేత్తలు వీటిని టైప్ 3 స్రావ వ్యవస్థ అంటారు. వీటి ద్వారా బ్యాక్టీరియా తన ప్రోటీన్లను కోడి కణంలోకి నేరుగా ఎక్కిస్తుంది. ఇలాంటివి సాల్మొనెల్లాకు రెండు. ఒకటి పేగు గోడలోకి చొరబడటానికి. రెండోది మరీ గడుసుది. క్రిముల్ని మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ కణం సాల్మొనెల్లాను మింగిన తర్వాత, ఆ కణం కడుపులోనే చావకుండా బతకడానికి ఇది పనికొస్తుంది. ప్రయోగాల్లో ఈ రెండోదాన్ని చెడగొట్టిన గల్లినారమ్ కోళ్లకు జబ్బు తేలేకపోయింది. మొదటిదాన్ని చెడగొట్టినా మాత్రం తెచ్చింది. టైఫాయిడ్ బలమంతా ఆ దాక్కోవడంలోనే ఉందన్నమాట.

ఇప్పుడు మందుల సంగతి చూడండి. నియోమైసిన్ పేగు దాటి ఒంట్లోకి పెద్దగా వెళ్లదు. జెంటమైసిన్ రక్తంలోకి చేరినా కణాల లోపలికి సరిగ్గా దూరదు. ల్యాబ్ ప్లేటు మీద బ్యాక్టీరియాను చంపిందని సెన్సిటివిటీ రిపోర్టులో రాసి ఉన్నా, కోడిలో అలాగే జరగాలని లేదు. డాక్టరు గారిని ‘ఈ మందు కణం లోపలికి వెళ్తుందా సార్?’ అని అడగండి. కొత్తవాళ్లు అడగదగ్గ ప్రశ్నల్లో ఇంత విలువైనది ఇంకోటి లేదని నా ఉద్దేశం.

శాంపిలు మందు మొదలుపెట్టక ముందే తీయాలి. అప్పుడే చచ్చిన కోడిని కోసినప్పుడు కాలేయం ఉబ్బి, ఇత్తడి రంగుకో ఆకుపచ్చకో తిరిగి ఉంటే కాలేయం, ప్లీహం ఐసు మీద ల్యాబ్‌కు పంపండి. చచ్చిన కోళ్లను సాయంత్రం దాకా షెడ్డులో ఉంచకండి. తోటి కోళ్లు పొడుచుకు తింటే రోగం వాటికీ అంటుతుంది. రాత్రిళ్లు రక్తం తాగే రెడ్ మైట్లు కూడా దీన్ని మోస్తాయి కాబట్టి కేజీల సందుల్లో ఓసారి టార్చి వేసి చూడండి.

పుల్లోరమ్ అయితే ప్లీహంలో నెలల తరబడి మాటు వేసి, పెట్ట గుడ్డుకొచ్చే వేళకు అండాశయానికి చేరి, గుడ్డులోంచి పిల్లకు దిగుతుంది. అందుకే పిల్లలు కొనేటప్పుడు బ్రీడర్ ఫారం రక్తపరీక్ష రిపోర్టు అడగాలి. రేటు మీద గంటసేపు బేరమాడే ఓనరు ఈ కాగితం ఊసెత్తడు. ఆ బాధ్యత మీదే.

ఈకోలై దారి వేరు. చాలా రకాల్లో టైప్ 6 అనే మరో స్రావ వ్యవస్థ ఉంటుంది, పక్క కణాన్ని తాకితేనే అది పనిచేస్తుంది. ఆ తాకే అవకాశం ఇచ్చేది ఎక్కువగా మన షెడ్డు గాలే. అమ్మోనియా, దుమ్ము కలిసి శ్వాసనాళంలోని సన్నటి నూగును దెబ్బతీస్తే ఈకోలై తిన్నగా గాలిసంచుల్లోకి దిగుతుంది, గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొర కడుతుంది. చలికాలంలో పరదాలన్నీ మూసేసిన తెల్లవారుజామున వెళ్లి, కోడి ఎత్తుకు వంగి గాలి పీల్చండి. రోజంతా షెడ్డులో ఉండేవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది, వాళ్ల మాట నమ్మకండి. కళ్లు మండితే ఊక తిరగేయడం, పరదా కాస్త తెరవడం ఆ పూటే జరగాలి.

ఈకోలై అనగానే స్టోరు రూములో పాత కొలిస్టిన్ డబ్బా కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనుషులకు చివరి ఆసరాగా దాచుకున్న మందు అది. ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు దాని తయారీని, అమ్మకాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. డబ్బా కనిపిస్తే స్టాకు రిజిస్టర్లో రాసి, డాక్టరు గారికి అప్పగించండి.