కంటి వాపు, ముగ్గురు వైద్యులు

కన్ను ఎర్రబడితే కళ్లకలక అనుకుంటాం. కంటి మధ్యపొర వాచినా అలాగే ఉండవచ్చు. దాని పేరు యువైటిస్. కంటి వైద్యులు స్లిట్ ల్యాంప్‌తో వాపును గుర్తిస్తారు. కారణం ఒక్కోసారి ఒంట్లో మరోచోట ఉంటుంది. పొద్దున్నే నడుము బిగుసుకుపోతుంటే కీళ్ల వైద్యులు చూడాలి. మన దేశంలో క్షయ ఎక్కువ గనుక ఊపిరితిత్తుల వైద్యుల మాటా కావాలి. క్షయ ఉందో లేదో తేలకుండా స్టెరాయిడ్ మాత్రలు వాడితే అది ముదరవచ్చు.

కీళ్లవాతం ఉన్న పిల్లలతో ఇంకో చిక్కు. కొందరికి కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండదు, చూపు మాత్రం తగ్గిపోతుంటుంది. అందుకే మోకాలి వాపు చూసే వైద్యులే వాళ్లను కొన్ని నెలలకోసారి కంటి పరీక్షకు పంపుతారు. మనలాంటి బదిలీల ఇళ్లలో ఆ ఫైలు సామాన్ల లారీలో కాదు, అమ్మ చేతిసంచిలో రావాలి. కొత్త ఊరి వైద్యులు ముందు అడిగేది దాన్నే.