క్లారినెట్ కీచుమంటే మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. స్కూలు బ్యాండులో క్లారినెట్ ఇచ్చారు. నెలయినా కీచుమనే శబ్దమే వస్తోంది. డ్రమ్ముకు మార్పించమంటారా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అప్పుడే మార్పించకండమ్మా. మొదట్లో అది అందరికీ వచ్చేదే. వేళ్లు రంధ్రాలను పూర్తిగా మూయకపోయినా, మౌత్‌పీసుకు బిగించే పలుచని పట్టీ, అంటే రీడు, అంచు విరిగినా, మౌత్‌పీసును గట్టిగా కొరికినా కీచుమంటుంది. పై పళ్లు మౌత్‌పీసుపై ఆనాలి, కింది పెదవి కింది పళ్లమీదికి కాస్త మడవాలి, బుగ్గలు ఉబ్బకూడదు.

రోజూ పావుగంట సాధన చాలు. ముందు ఐదు నిమిషాలు ఒక్కో స్వరాన్నీ ఊపిరి నిలిచినంతసేపు ఊదించండి, పాటలు ఆ తర్వాతే. వాయించాక లోపలి తడి తుడిచి, రీడు విప్పి ఆరబెట్టాలి. ఒకరి రీడు మరొకరు వాడకూడదు. మన ఎండల్లో వాద్యాన్ని బయట వదిలేయొద్దు, చెక్కదైతే పగులుతుంది.

ఈ వాద్యం కవాతుకే పరిమితం కాదు. ఏకేసీ నటరాజన్ దానిమీద కర్ణాటక సంగీత కచేరీలు చేసి పేరు పొందారు. పాపకు ఆసక్తి పెరిగితే గాత్రం కూడా నేర్పించండి. పాడగలిగిన స్వరం వేళ్లకు త్వరగా పట్టుబడుతుంది. తిరుపతిలో టీటీడీవారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో విచారించండి. ఈ ఏడాది పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత పాప ఇష్టాన్నే అడగండి.