పక్షి పరిశీలనం: కలివికోడి నేర్పిన పాఠం

ప్రకృతి శాస్త్రాలలో పరికరాలపై అతి తక్కువగా ఆధారపడే విద్య పక్షి పరిశీలనం. దీనికి ప్రయోగశాలతో పనిలేదు. చూచే కన్ను, వినే చెవి, చూచినది చూచినట్లు వ్రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. దుర్భిణి ఉంటే మేలు. లేకపోయినా విద్య ఆగదు. అయినప్పటికీ మన విద్యార్థులలో అనేకులకు కాకి, పిచ్చుక, పావురం, చిలుకలను మించి పక్షుల పేర్లు నోటికి రావు. పేరు తెలియకపోతే నష్టమేమిటని అడిగేవారికి సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శీతల దేశాలలో చలికాలం రాగానే అనేక పక్షులు వెచ్చని ప్రాంతాలకు తరలిపోతాయి. మన ఉష్ణమండలంలో స్థానిక పక్షులు చాలావరకు ఏడాది పొడవునా కనిపిస్తాయి. చలికాలంలో ఉత్తరాది నుండి వచ్చే అతిథులు వాటికి అదనం. నగరవాసులకూ ఈ భాగ్యం ఉన్నది. హైదరాబాదు శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చెరువు దాకా పోలేనివారు పండ్లతో నిండిన రావిచెట్టు క్రింద నిలిచినా చాలు. రాగిరేకుపై సుత్తిదెబ్బ వేసినట్లు పలికే కంసాలిపిట్ట వినిపిస్తుంది. పల్లెలో పొలంగట్టున తీతువు, తీగపై పాలపిట్ట, తుమ్మకొమ్మలకు వ్రేలాడే గిజిగాని గూళ్లు కనబడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి గూడబాతులు ఏటా వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. ఆ గ్రామస్థులు వాటిని శుభసూచకంగా భావిస్తారు.

పరిశీలనకు తెల్లవారిన తరువాతి రెండు గంటలు ఉత్తమ సమయం. కొత్త పక్షి కనబడినప్పుడు ముందుగా పిచ్చుక, గోరువంక, కాకులలో దేనితో సరితూగుతుందో నిర్ణయించాలి. పిదప ముక్కు ఆకారం, తోక పొడవు, నడిచే తీరు, ఎగిరే తీరు, కూత గమనించాలి. రంగు వెలుతురును బట్టి మారి కనిపిస్తుంది కనుక దానినొక్కదానినే నమ్మరాదు. స్థలం, తేది, వేళ వెంటనే వ్రాసుకోవాలి. గూటి దగ్గరకు మాత్రం పోరాదు.

ఇక పేర్ల సంగతి. ఉర్దూలో బుల్‌బుల్ మన పిగిలిపిట్ట. మైనా మన గోరువంక. నీల్‌కంఠ్ మన పాలపిట్ట. తెలుగువారి తీతువు ఉర్దూలో టిటిహరీ. రెండు పేర్లూ ఆ పక్షి కూతలోనుండే పుట్టినవి. తరతరాల పరిశీలన ఈ పేర్లలో నిక్షిప్తమై ఉన్నది.

ఈ శాస్త్రంలో భారతీయులకు మార్గదర్శి డాక్టర్ సలీం అలీ. 1896లో జన్మించిన ఆయన బాల్యంలో తాను కొట్టిన పిట్ట గొంతుపై పసుపు మచ్చ చూచి, అదేమిటో తెలుసుకోవడానికి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్లారు. ఆ కుతూహలమే ఆయన జీవితమైనది. తగిన విశ్వవిద్యాలయ పట్టా లేనందున కోరుకున్న ఉద్యోగం దొరకకపోయినా ఆయన వెనుదీయలేదు. 1931-32లో నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షుల సర్వే జరిపారు. 1976లో పద్మవిభూషణ్ బిరుదు పొందారు.

పేరు విలువను అన్నిటికంటె స్పష్టంగా చాటిన పక్షి కలివికోడి. 1848లో జెర్డన్ ద్వారా ఇది శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తరువాత ఎవరి కంటా పడకపోవడంతో అంతరించినదని పలువురు భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల సమీపాన అది మళ్లీ దొరికింది. దొరికినది శాస్త్రజ్ఞుని వలలో కాదు. రాత్రివేళ దీపం వెలుగులో వేటాడే స్థానికుని చేతిలో! పక్షి రాత్రి సంచరించేది. పగలు వెదికినవారికి కనబడకపోవడంలో వింత లేదు. కలివిపొదల నడుమ తిరిగేది కనుక కలివికోడి అన్నారు. పుస్తకాలు దాని జాడ కోల్పోయిన కాలంలో కూడా దాని నివాసస్థానం ఆ పేరులోనే ఉన్నది! తరువాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 1988లో ఆ పక్షి బొమ్మతో తపాలా బిళ్ల వెలువడింది. అయినా ముప్పు తొలగలేదు. నేటికీ అది అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న పక్షుల జాబితాలోనే ఉన్నది.

దీనినుండి గ్రహించవలసినది ఒకటి. పొదలు నరికి చదును చేస్తే, వాటిలో ఏమి నివసిస్తున్నదో తెలియనివారికి అది పనికిరాని చిట్టడవి మాత్రమే. పేరు తెలిసినవారికే పోయినదేమిటో తెలుస్తుంది; వారే అడ్డు చెప్పగలరు. పేర్లు తెలిసిన పెద్దలు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు. వేసవి సెలవులలో ప్రతి విద్యార్థీ తన ఊరి పెద్దలనడిగి, తాను కంటితో చూచిన ఇరవై పక్షుల పేర్లు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాసి తెచ్చినచో, అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని పాఠమవుతుంది.