వేటగాండ్ర జట్టు

ఆస్ట్రేలియా దేశమున రగ్బీ లీగ్ అను ఆటకు మిక్కిలి ఆదరణ కలదు. జట్టునకు 13 మంది ఆటగాండ్రు. కోలబంతిని చేతబట్టి పరుగిడి, ఎదుటివారి గీతకు ఆవల నేల కానించినచో 4 పాయింట్లు లభించును. చేతితో బంతిని ముందునకు విసరరాదు. మన కబడ్డీలోవలె ఇందును పట్టే ప్రధానము. ఒక పక్షమువారు వరుసగా ఆరుమార్లు పట్టువడినచో బంతి ఎదుటి పక్షమునకు పోవును.

అక్కడి అగ్రశ్రేణి పోటీకి దిగువను న్యూ సౌత్ వేల్స్ కప్, క్వీన్స్‌లాండ్ కప్ అను రెండు పోటీలు గలవు. ఈ రాష్ట్రముల నడుమ స్పర్ధ పాతదే. 2014 నుండి ఆ రెండింటి విజేతలను ఏటేట ఒకమారు తలపడజేయుచున్నారు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధివలన ఈ ఆట జరుగలేదు.

2017లో ఒక వింత జరిగెను. క్వీన్స్‌లాండ్ కప్పును గెలిచినది ఆ రాష్ట్రపు జట్టు కాదు! సముద్రమున కావలనున్న పాపువా న్యూగినీ దేశపు హంటర్స్, అనగా వేటగాండ్రు. ఆ దేశమున రగ్బీ లీగే ప్రజల ఆట. తుదిపోరున ఓటమి తప్పదనుకొన్న వేళ, ఆట ముగియవచ్చుచుండగా వారు 12-10తో గెలిచిరి.

పిమ్మట సిడ్నీలో పెన్రిత్ జట్టు వారిని 42-18తో ఓడించెను. పెన్రిత్‌వారిది ఒక అగ్రశ్రేణి సంఘపు రెండవ జట్టు. హంటర్స్‌కు పైన తమ దేశమున వేరొక సంఘము లేదు. ఈ పోలిక నాకు సమముగా తోచదు. 2028లో పాపువా న్యూగినీ జట్టును అగ్రశ్రేణిలో చేర్చుకొందుమని 2024 డిసెంబరులో ప్రకటించిరి.